పలకను ఎండకు తిప్పిన అవ్వ

ఎండను అందరి మీదా సమానంగా కురిపించే ప్రభువుకు స్తోత్రం.

డోర్నకల్ దగ్గరి ఓ పల్లెలో నేను సంఘ కాపరిగా ఉన్నప్పుడు, మందిరం పక్క షెడ్డులో సంఘం పాత కారు ఉండేది. ఊళ్లో వేరే కారు లేదు. నా భార్యకు నెలలు నిండుతున్నాయి. షెడ్డులో కరెంటు లేదు కాబట్టి, నిలిపిన కారు బ్యాటరీ దిగిపోకుండా చిన్న సోలార్ పలకను తీగతో తగిలించి, షెడ్డు గుమ్మం ముందు ఎండలో పెట్టాం.

పలకను ఎండకు తిప్పే పని తండా నుంచి మేకలు తోలుకొచ్చే అవ్వ తనంతట తానే తీసుకుంది. ఆమె మా సంఘస్థురాలు కాదు. నీడ జరిగినప్పుడల్లా వచ్చి, పలకను కొంగుతో తుడిచి జరిపేది.

ఒకరోజు దుమ్ము పడుతుందని కారుకూ పలకకూ కలిపి పరదా కప్పాను. అవ్వ లాగి పడేసింది.

“ఏంది అయ్యగారూ! దుప్పటి కప్పితే దీనికి బువ్వ ఎట్ల దొరుకుతది?”

“ప్రార్థన చేశాను కదవ్వా, దేవుడే చూసుకుంటాడు.”

“చూసుకుంటడు. గందుకే నన్ను తోలిండు. జర పక్కకు జరుగు.”

ఆ వారమే నొప్పులొచ్చాయి. తాళం తిప్పగానే కారు స్టార్టయింది. మహబూబాబాద్ దవాఖానలో మా పాప పుట్టింది.

నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఆ కొంగును దీవించు. నీవు పంపినవారిని గుర్తుపట్టే కళ్లు మాకు దయచెయ్యి. ఆమేన్.