మామయ్య విన్న మోత

మా ఇంట్లో వాషింగ్ మిషను ఆగిపోయింది వడ్ల కాలంలో. అంటే, మా ఆయన ఇంట్లో ఉండని రోజుల్లో. ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజరు. వానాకాలం పంట కోతకొచ్చిందంటే మిల్లు ముందు లారీలు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఆ నెలన్నర అక్కడే గది తీసుకుని ఉంటారు, వీలు చిక్కిన ఆదివారం సూర్యాపేట వచ్చిపోతారు. అమ్మాయి హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఇంట్లో మిగిలేది నేనూ, మా మామయ్యా.

మామయ్య కూడా మిల్లు మనిషే. మిర్యాలగూడలోనే ముప్పై ఏళ్లు ఫిట్టరుగా పని చేశారు. అప్పట్లో వాళ్ల ఇల్లు మిల్లు గోడను ఆనుకునే ఉండేదట. అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి చెవి రిక్కించి, ఫలానా మోటరు పట్టా, అంటే బెల్టు, జారుతోందనో, ఫలానా బేరింగు అరిగిందనో చెప్పి, ఎంగిలి చేయి కడుక్కుని వెళ్లిపోయేవారని మా ఆయన చెబుతుంటారు.

అలాంటి మనిషికి రెండేళ్ల కింద చేతులు వణకడం మొదలైంది. ముందు కుడి చెయ్యి, తర్వాత ఎడమది. సూర్యాపేటలో నరాల డాక్టరుకు చూపిస్తే, ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, మందులతో అదుపులో పెట్టుకోవాలని చెప్పి మూడు పూటలా మాత్రలు రాశారు. మాత్రల బాధ్యత నాది. పొద్దుటివి, రాత్రివి నా ముందే వేసుకునేవారు. నేను తుంగతుర్తి దారిలో ఒక ఊరి హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఎనిమిదింటికల్లా బస్సెక్కాలి. అందుకని మధ్యాహ్నానివి కత్తెరతో అట్ట నుంచి విడివిడిగా కత్తిరించి, చిన్న స్టీలు డబ్బాలో పెట్టి వెళ్లేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి డబ్బా ఖాళీగా ఉండేది.

"వేసుకున్నారా మామయ్యా?" అని అడిగేదాన్ని. "ఆఁ" అనేవారు. చాలా రోజులు మా ఇద్దరి మధ్య మాటలు అంతకు మించేవి కావు. కోపతాపాలేమీ లేవు. మాది కోదాడ. పెళ్లయి వచ్చిన కొత్తలో నా మాట ఆయనకు వింతగా ఉండేది, ఆయన మాటంటే నాకు బెరుకుగా ఉండేది. అత్తయ్య ఉన్నన్నాళ్లు ఏ మాటైనా ఆమె ద్వారానే నడిచింది. ఆమె పోయాక ఆ దారి మూసుకుపోయింది. కొత్త దారి మేం వేసుకోలేదు.

ఆ కార్తీకంలో ఆయన వణుకు బాగా ఎక్కువైంది. చారు గిన్నె ఎత్తితే సగం అంగీ మీదే. రోజుకు రెండు అంగీలు మార్చాల్సి వచ్చేది. జబ్బు ముదురుతోందని మా ఆయనా నేనూ ఫోన్లో దిగులుపడుతుండేవాళ్లం. సరిగ్గా అప్పుడే, ఒక బుధవారం సాయంత్రం, మిషను ఉతుకు మధ్యలో ఆగిపోయింది. గాజు తలుపు వెనక సగం దాకా మురికి నీళ్లు, ఆ నీళ్లలో నా చీరలు, ఆయన తెల్లంగీలు. తలుపు రాదు, నీళ్లు పోవు. తెర మీద రెండక్షరాలు ఆరిపోతూ వెలుగుతూ ఉన్నాయి.

మర్నాడు మెకానిక్‌ని పిలిచాను. పది నిమిషాలు అవీ ఇవీ నొక్కి చూసి, బోర్డు పోయినట్టుంది మేడం అన్నాడు. కొత్తది తెప్పించాలని, పది రోజులు పడుతుందని చెప్పి వెళ్లాడు. మిగతా బట్టలు చేత్తో ఉతకడం మొదలుపెట్టాను. శుక్రవారం స్కూలు నుంచి వచ్చేసరికి బాత్రూములో నీళ్ల చప్పుడు. చూస్తే మామయ్య నల్లా కింద చిన్న పీట వేసుకుని కూర్చుని తన అంగీ ఉతుక్కుంటున్నారు. సబ్బు పెట్టగలిగారు గానీ పిండలేకపోతున్నారు. రెండు చేతులూ రెండు వైపులకు వణుకుతుంటే అంగీ మెలి పడటం లేదు. నేను వెళ్లి అందుకున్నాను. ఆయన నా వైపు చూడకుండా, "నా అంగీలే నీకు పని పెడుతున్నయమ్మా" అన్నారు.

తర్వాతి రోజు రెండో శనివారం, సెలవు. నీళ్లలో నానుతున్న బట్టలు అప్పటికి వాసన కొడుతున్నాయి. ఇంకో వారం అలా ఉంచితే పారేయాల్సిందే. మిషనుతో వచ్చిన పుస్తకం వెతికి తీసి, దాని ముందు నేల మీద కూర్చున్నాను. నీళ్లు పోకపోతే ముందు చూడాల్సినవి అందులో రాసి ఉన్నాయి. బయటికి పోయే గొట్టం మడత పడిందేమో చూశాను, పడలేదు. గొట్టం ఊడదీసి ఊది చూశాను, గాలి బాగానే పోతోంది. ఇంతలో మామయ్య కుర్చీ జరుపుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఒక్కపారి ఆన్ చెయ్యమ్మా. ఇననీ," అన్నారు.

నీళ్లు తోడే బటన్ నొక్కాను. ఆయన అరచెయ్యి మిషను పక్కన ఆనించారు. చెయ్యి వణుకుతూ రేకు మీద టకటకలాడింది. చెయ్యి తీసేసి, కుర్చీలోంచి వంగి చెంప ఆనించారు. కళ్లు మూసుకున్నారు. అడుగున ఎక్కడో సన్నగా గుయ్‌మని మోత. కాసేపు వచ్చి ఆగింది, మళ్లీ వచ్చింది.

"మోటరు సచ్చిపోలే. సచ్చిన మోటరు మూల్గదు. ఇది మూల్గుతున్నది. నీళ్లు తోడేకాడ ఏదో అడ్డం పడ్డది."

బోర్డు పోయిందని అతను చెప్పాడు కదా అన్నాను.

"బోర్డు పోతే మోటరుకు కరెంటెక్కడిది? వానికి ఇననీకె ఓపిక లేదు."

పుస్తకంలో చూస్తే, అడుగున ముందువైపు చిన్న తలుపు, దాని వెనక జల్లెడ లాంటి జాలి ఉంటాయని ఉంది. నీళ్లతో పాటు వచ్చే చెత్త ఆ జాలిలో ఆగుతుందట. కొని నాలుగేళ్లయినా ఆ తలుపు ఒకటి ఉందని నాకు తెలియదు. నేను స్విచ్ ఆపి స్క్రూడ్రైవరు పట్టుకోగానే మామయ్య ఆపారు. స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకి కళ్ల ముందు పెట్టుకోమన్నారు. మిల్లులో ఉన్నప్పుడు ఫ్యూజు ఊడదీసి జేబులో వేసుకున్నాకే పట్టా ముట్టుకునేవారట. ఆయన తన పని గురించి నాతో చెప్పడం బహుశా అదే మొదలు.

తలుపు తీస్తే లోపల ఒక సన్న గొట్టం, పక్కన గుండ్రటి బిరడా. గొట్టం మూత తీసి, అంచు తక్కువున్న పళ్లెం పెట్టి నీళ్లు పట్టాను. పళ్లెం నిండుతుంది, మూత పెట్టి పారబోసి వస్తాను, మళ్లీ పడతాను. ఎన్నిసార్లు తిరిగానో. మామయ్య పాత పంచె ఒకటి కాలితో నెట్టి నీళ్లు హాల్లోకి పోకుండా కట్ట వేశారు. నీళ్లయిపోయాక బిరడా తిప్పబోతే కదల్లేదు. మా బోరు నీళ్ల సంగతి తెలిసిందే, తాకిన చోటల్లా తెల్లగా ఉప్పు కడతాయి.

"జబర్దస్తి చెయ్యకు, ప్లాస్టిక్ ఇరుగుతది. వేడినీళ్ల గుడ్డ పెట్టి జర ఆగు."

అలాగే చేశాను. రెండోసారి పెట్టాక కిర్రుమంటూ తిరిగింది. జాలి చేతికొచ్చింది.

నల్లటి జిగురు, నూలు పోగులు, ఒక జడపిన్ను. వాటి మధ్య మెరుస్తూ చిన్న చిన్న ముక్కలు. చాక్లెట్ కాగితాలనుకున్నాను. కడిగి చూస్తే మాత్రల అట్ట ముక్కలు. నేను కత్తిరించినవే. కొన్నింటిలో మాత్ర ఇంకా అలాగే ఉంది.

నేను తలెత్తలేదు. పైన మామయ్య కుర్చీలోంచి వంగి చూస్తూనే ఉన్నారని తెలుసు. ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఆ ముక్కల్ని లెక్కపెట్టాలనిపించలేదు, ఏరి పక్కన పెట్టాను. పైనుంచి ఆయనే అన్నారు.

"లోపటికి చెయ్యి పెట్టి సూడు. రెక్క తిరుగుతున్నదా?"

గొంతులో మార్పేమీ లేదు. పని మధ్యలో ఉన్న మనిషి గొంతే. వేలు పెట్టి చూశాను. నీళ్లు తోసే చిన్న రెక్క ఒకటి తగిలింది గానీ తిరగలేదు. దాని కింద ఏదో ఇరుక్కుని ఉంది. లాగబోతుంటే, ముందుకు గుంజితే ఇంకా లోపలికి పోతుంది, రెక్కను వెనక్కి తిప్పి తియ్యమన్నారు. వెనక్కి తిప్పగానే వదులైంది. అది కూడా అట్ట ముక్కే. రెక్క ఇప్పుడు వేలి కింద సులువుగా తిరిగింది.

అన్నీ బిగించి, ప్లగ్గు పెట్టి, తలుపు రాగానే నానిన బట్టలు బయటికి తీసి, మిషన్ని ఖాళీగా ఒకసారి తిప్పాను. నీళ్లు నిండాయి, తిరిగాయి, బాత్రూములోకి బుడబుడమంటూ వెళ్లిపోయాయి. ఇద్దరం చూస్తూ ఉండిపోయాం. బాగైందన్న సంతోషం ఇద్దరిలోనూ లేదు.

టీ పెట్టి తెచ్చి, నేనూ ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. బతుకమ్మ పండుగ కాడి నుంచి అన్నారు. మధ్యాహ్నానివి అంగీ జేబులో వేసుకుని, సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు మురుగు మోరీలో పడేసేవారట. ఇంట్లో చెత్తబుట్టలో వేస్తే నేను చూస్తానని. కొన్ని రోజులు పడేయడం మరిచిపోయేవారు. జేబులు తడమకుండా అంగీలు మిషన్లో వేసేదాన్ని నేనే.

ఎందుకని నేను అడగకముందే ఆయనే చెప్పారు, మెల్లగా, గోడ వైపు చూస్తూ.

"పగటి మందు ఏసుకున్నంక ఇంట్ల మనుషులు కనవడతున్నరమ్మా. హమాలీలు. ఈపు మీద బస్తాలేసుకొని గా తలుపుల నుంచి వచ్చి, గిట్ల వంటింట్లకు పోతరు. మాట్లాడరు. అండ్ల ఒకడు సచ్చిపోయి ఇరవై ఏండ్లయింది. వాడు లేడని నాకు ఎరుకే. ఎరుకుండి కూడ వానికి తొవ్వ ఇడిసి పక్కకు జరుగుతున్న."

నా చేతిలో టీ చల్లారిపోయింది. నేను స్కూల్లో మ్యాపు చూపిస్తూ నిలబడ్డ మధ్యాహ్నాల్లో ఈ ఇంట్లో ఈయన ఒక్కరే గోడకు జరిగి నిలబడ్డారన్నమాట.

"మాకెందుకు చెప్పలేదు మామయ్యా?"

"చెప్తే పిచ్చి లేసిందంటరు. నా కొడుకు నౌకరి ఇడిసిపెట్టి ఇంటికాడ కూసుంటడు." నా వైపు తిరిగారు. "ఇగ నువ్వు బస్సుకు ఉరుక్కుంట కూడ కత్తిరించి పెట్టి పోతవు. వద్దని ఎట్ల అంట?"

ఆ చివరి మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. క్లాసులో అర్థమైందా అంటే పిల్లలంతా అయింది టీచర్ అంటారు. ఆ మాట నేను ఎప్పుడూ నమ్మను, ఇంకో ప్రశ్న వేస్తాను. ఇంట్లో మాత్రం ఒక్క "ఆఁ" విని స్టీలు డబ్బా కడిగి బోర్లించేశాను. రోజూ శ్రద్ధగా చేస్తున్నాననుకున్న పని, ఆయన నోరు విప్పకుండా అడ్డం పడుతుందని నాకు తోచలేదు.

కొడుక్కు చెప్పొద్దన్నారు. నేను చెప్పను, మీరే చెప్పండి, నేను పక్కన ఉంటానన్నాను.

మర్నాడు ఆదివారం మా ఆయన వచ్చారు. అన్నాలు తింటున్నప్పుడు మామయ్య ఉన్నట్టుండి మొదలుపెట్టి, ఏమీ దాచకుండా చెప్పేశారు. మా ఆయన ముద్ద పళ్లెంలో వదిలేసి నా వైపు తిరిగారు. రోజూ ఇంట్లో ఉంటూ ఇది కూడా చూసుకోవా అన్నారు. భయంతో అన్న మాటేనని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను బదులు చెప్పేలోపే మామయ్య అందుకున్నారు.

"దాన్నేమనకు. అబద్ధమాడింది నేను."

పెద్దగా అనలేదు. కానీ ఆ ఇంట్లో నా తరఫున ఆయన మాట్లాడటం అదే మొదటిసారి. మా ఆయన తల దించుకుని మళ్లీ అన్నం కలుపుకున్నారు.

సోమవారం సెలవు పెట్టి ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్లాం. చెప్పకుండా మానేసినందుకు డాక్టరు గట్టిగానే మందలించారు. పిచ్చీ గిచ్చీ ఏమీ కాదు, ఈ వయసులో కొందరికి మధ్యాహ్నం వేసుకునే ఆ రెండు మాత్రల్లో ఒకటి పడదు, ఇలాంటివి కనిపిస్తాయి, మొదటి రోజే వచ్చి చెప్తే అప్పుడే మార్చేవాణ్ని అన్నారు. ఆ ఒకటి ఆపేసి, రెండోదాని మోతాదు, వేళలు మార్చారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మామయ్య, "మొదలే అడిగితే అయిపోతుండె," అని తనలో తానే అనుకున్నారు.

నెల గడిచేసరికి వణుకు కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు, పోదు కూడా. ఈలోపు మెకానిక్ ఫోన్ చేసి బోర్డు వచ్చిందన్నాడు. అక్కర్లేదు, జాలి మూసుకుపోయింది, తీశాం అన్నాను. దేంతో మూసుకుపోయిందో అతనికి చెప్పలేదు.

సంక్రాంతి సెలవులు ముగిసిన ఒక సాయంత్రం హాల్లో కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. మామయ్య టీవీ చూస్తున్నారు. వాళ్లు ఇంకా వస్తున్నారా అని అడిగాను. ఎవరని ఆయన అడగలేదు.

"రారు," అన్నారు. టీవీ గొంతు తగ్గించారు. "వచ్చినప్పుడు భయమయ్యేది. ఇప్పుడు రాకపోతే ఏందో ఎలితిగున్నది. వాడు మంచోడుండె."

ఇరవై ఏళ్ల కింద పోయిన ఆ హమాలీది నడిగూడెం అట. ఒక వానాకాలం, మామయ్య పట్టా బిగిస్తుండగా ఎవరో చూడక మోటరు వేశారు. మామయ్య మణికట్టు పట్టాలోకి పోబోతుంటే, వీపు మీది బస్తా కింద పడేసి వచ్చి, నడుం పట్టుకుని వెనక్కి లాగేసింది అతనే. ఫ్యూజు జేబులో వేసుకునే అలవాటు ఆ రోజు నుంచే వచ్చిందట. అతను ఎలా పోయాడని అడిగాను. జ్వరమొచ్చి, దవాఖానకు ఆలస్యంగా పోయి, అన్నారు. కడసారి చూడటానికి తాను వెళ్లలేకపోయానని, ఆ రోజు మిల్లులో పని లోడు ఎక్కువ ఉందని చెప్పారు.

పొయ్యి మీద అన్నం పెట్టి ఉంది. వెళ్లి ఆపేసి వచ్చి కూర్చున్నాను. అతనికి పిల్లలున్నారా, ఆ ఊళ్లో ఇప్పుడెవరున్నారు అని అడుగుతూ పోయాను, ఆయన చెబుతూ పోయారు. ఈ సంగతంతా మా ఆయనకు కూడా తెలియదట.