పెంచలన్న చూపించిన తొట్టి

చైనాకు డాక్టరు చదువుకు పోయిన పిల్ల కదా, విమానం గురించీ అక్కడి తిండి గురించీ చెప్తుందని అందరూ అనుకుంటారు. అవీ చెప్తాను. కానీ ముందు పెంచలన్న సంగతి చెప్పకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. అబద్ధాలు ఇప్పటికే కావలసినన్ని ఆడాను.

పెంచలన్న అసలు పేరు పెంచలకృష్ణ. అల్లూరుకి తూర్పున మా రొయ్యల గుంటలున్నాయి. వాటికి అర కిలోమీటరు అవతల విజయభాస్కర్ మామ గుంటలు. మామ మాకు రక్తసంబంధం కాదు, మా నాయనతో కలిసి చదువుకున్నవాడు, వరసకి మామ. ఆయన గుంటల కాపలా పెంచలన్నది. యాభై దాటిన మనిషి, పన్నెండేళ్లుగా ఆ గట్టు మీదే ఉన్నాడు. నీళ్లు చిలికే ఏరియేటరు చప్పుడులో చిన్న తేడా వినిపించినా అన్నం ముందు నుంచి లేచిపోతాడు. రొయ్య సరిగ్గా మేత తింటున్నదో లేదో నీళ్ల రంగు చూసి చెప్పేస్తాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. ఈయనకి రొయ్యలతోనే పెళ్లి చేసుంటే సరిపోయేదని వాళ్లావిడ మస్తానమ్మ మా అమ్మతో అంటూ ఉండేది.

ఆ గుంటల గేటు దగ్గర బ్లీచింగ్ కలిపిన నీళ్ల తొట్టి ఒకటుంటుంది. గట్టెక్కే ప్రతి మనిషీ అందులో కాళ్లు ముంచాలి, చేతులు కడగాలి. పెంచలన్న ఎవరినీ వదలడు. ఒకసారి సాక్షాత్తూ విజయభాస్కర్ మామనే వెనక్కి పిలిచి కాళ్లు ముంచమన్నాడు. ఎందుకంటే రొయ్యకి వైట్ స్పాట్ వైరస్ సోకితే నాలుగు రోజుల్లో గుంట గుంటంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ వైరస్సు తడి కాళ్ల మీద, వలల మీద, చేతుల మీద ఒక గుంట నుంచి ఇంకో గుంటకి పోతుంది. మా వైపు బడికి పోని పిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది. నాకు తెలీదంటే ఎవరూ నమ్మరు, నమ్మనక్కర్లేదు.

నేను బయల్దేరే ముందు రోజు పొద్దున్నే మా గుంట ఒడ్డున రొయ్యలు నీరసంగా తేలుతున్నాయని నాయన పరిగెత్తాడు. నేనూ వెనకాలే పోయాను. చావబోతున్న రొయ్యనొకదాన్ని నాయన నా చేతిలో పెట్టాడు. తల మీది పెంకు కింద తెల్లటి చుక్కలు. నాయన చుట్టూ ఒకసారి చూశాడు. తర్వాత నాయన గొంతు తగ్గించి, "ఎవురికీ చెప్పబాక. పట్టుబడి అయ్యేదాకా నోరు మెదపబాక" అన్నాడు. రొయ్యలు పట్టి అమ్మేలోగా సంగతి బయటపడితే కొనేవాడు బేరం దించేస్తాడు, పక్క గుంటలవాళ్లు మా నీళ్లని కాలవలోకి వదలనివ్వరు. మా ఊళ్లో నాయన ఒక్కడే చేసిన పని కాదిది. నేను సరేనన్నాను. ఆ చేతిని కాలవ నీళ్లలో ఊరికే తడిపి, పావడాకి తుడుచుకున్నాను.

ఆ రోజే పెద్దవాళ్లందరికీ పోయొస్తానని చెప్పి రావాలని అమ్మ తరిమింది. విజయభాస్కర్ మామకి నా చెయ్యి మంచిదని ఒక పిచ్చి నమ్మకం. అంతకు ముందు పంటకి రొయ్య పిల్లల్ని వదిలిన రోజు నా చేత మొదటి మేత చల్లించాడు, అప్పుడు రొయ్య బాగా దిగింది. ఇంక చూసుకోండి, నేనేదో లక్ష్మీదేవినైపోయాను. పోయే ముందు ఒకసారి నీ చేత్తో మేత చల్లి పో అని కబురు చేశాడు. నాకూ గొప్పగానే ఉండింది.

కొత్త బూట్లు వేసుకునే పోయాను. మర్నాడు విమానానికి అవే వేసుకోవాలి, కాలికి అలవాటు కావాలని. గేటు దగ్గర పెంచలన్న నవ్వుతూ తొట్టి చూపించాడు. బూట్లు విడిచి కాళ్లు ముంచు పాపా, చేతులు కూడా అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. తాళ్లు విప్పడానికి బద్ధకం, పొద్దున చూసిన రొయ్య తాలూకు చికాకు, అన్నీ కలిసి ఆయన మీద పడ్డాయి. "నేనేమన్నా బయటిదాన్నా అన్నా? డాక్టరు చదవబోతున్నా, నాకు నువ్వు చెప్పాలా శుభ్రం?" అన్నాను. ఆయన నవ్వు అలాగే ఉంది. పక్కకి తప్పుకున్నాడు. నేను మూడో గుంట గట్టు మీదికి పోయి మేత చల్లి, రొయ్య మేత తింటున్నదో లేదో చూసే చెక్ ట్రే కూడా పైకి లాగి, దాన్లో గెంతుతున్న రొయ్యల్ని చేత్తో కదిపి చూశాను. మామ ఫోటో తీశాడు.

అప్పుడు నాకు తెలీలేదా అంటే, తెలిసింది. గట్టు మీద నిలబడి చెయ్యి తడిపినప్పుడే పొద్దున పట్టుకున్న రొయ్య గుర్తొచ్చింది. ఏం కాదులే అనుకున్నాను. అంతే. అంత సులభంగా అనుకున్నాను.

మర్నాడు చెన్నైలో విమానం ఎక్కి, కౌలాలంపూర్‌లో మారి, చైనాలో దిగాను. నాతో నెల్లూరు పిల్ల రెజీనా ఉంది. మమ్మల్ని పంపిన ఏజెంటు మా ఇద్దరికీ ఒకే గది రాయించాడు. అక్కడి ఎయిర్‌పోర్టులో ఒకాయన మా పెట్టెలు తెరిపించి, అమ్మ పెట్టిన రొయ్యల పచ్చడి సీసా తీసి పక్కన పెట్టేశాడు. బయటి జంతువుల పదార్థాలు లోపలికి రాకూడదట. ఏడుపొచ్చినంత పనయింది. ఎంత చాదస్తం మనుషులు అని హాస్టలు చేరేదాకా తిట్టుకున్నాను.

మొదటి వారం ఎలా గడిచిందో తెలీదు. వచ్చిన రెండో రోజే మళ్లీ రక్తం తీసి అన్ని పరీక్షలూ చేశారు. క్యాంటీన్‌లో ఏది చూపించినా దాన్లో ఏముందో తెలీదు, రెజీనా ముందు తిని బతికితే నేను తినేదాన్ని. ఎక్కడ చూసినా వేడినీళ్లే తాగుతారు. చిల్లర కొట్టులో కూడా ఫోను చూపించాలి, నోటు ఇస్తే వింతగా చూస్తారు. పొద్దున భాష క్లాసు, ఒకే మాటని నాలుగు రాగాల్లో పలకాలి. నా రాగం విని లీ మేడమ్ పాపం చాలా ఓర్పుగా నవ్వేది. మనం వాడే యాప్‌లు అక్కడ తెరుచుకోవు కాబట్టి వాళ్ల యాప్ ఒకటి అమ్మ ఫోనులో ముందే ఎక్కించి వచ్చాను. రోజూ సాయంత్రం అమ్మ మొహం కనబడేది.

తొమ్మిదో రోజు అమ్మ ఆ మాట చెప్పింది. విజయభాస్కర్ మామ గుంటలకి వైరస్ కొట్టింది. ముందు ఒకటి, వెంటనే ఇంకోటి. పెంచలన్నని మామ తీసేశాడు. అంతకు కొద్దిరోజుల ముందు పెంచలన్న ఇసకపల్లిలో బామ్మర్ది గుంటకి పట్టుబడికి పోయి వల లాగాడట, వైరస్ అక్కడి నుంచే మోసుకొచ్చాడని నలుగురి ముందూ నిలబెట్టి అన్నాడట. పెంచలన్న ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. ఇప్పుడు ఎవరూ ఆయన్ని గట్టెక్కనివ్వడం లేదు. కాపలా మనిషికి ఆ పేరొకసారి పడితే ఇంక అంతే.

నిజం చెప్పాలంటే నాకు మొదట కలిగింది బాధ కాదు, ఊరట. నా పేరు రాలేదు. ఫోను పెట్టేసి అన్నం కూడా తిన్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఆ వారమే మాకు చేతులు కడుక్కోవడం నేర్పించారు. డాక్టరు చదువులో మొదటి పాఠం అదేనట. ఆ పాఠం చెప్పే డాక్టరమ్మ నన్ను పిలిచి నా కుడి అరచేతిలో ఏదో పొడి రాసింది. కంటికి కనిపించదు. ఒక పావుగంట మామూలుగా తిరగమంది. తలుపు తీశాను, పుస్తకాలు పంచాను, రెజీనా బుగ్గ గిల్లాను. తర్వాత దీపాలు ఆర్పి ఊదారంగు లైటు వేశారు. తలుపు పిడి మెరిసింది. పుస్తకాలు మెరిశాయి. రెజీనా బుగ్గ మీద నా రెండు వేళ్ల గుర్తులూ మెరిశాయి. క్లాసంతా నవ్వింది. నేను కొళాయి దగ్గరికి పోయి చెయ్యి కడుగుతూనే ఉండిపోయాను.

గదికి వచ్చి రెజీనాకి మొత్తం చెప్పాను. దేవుణ్ని ఎక్కువ నమ్మే పిల్ల, ప్రార్థన చేసుకో అంటుందనుకున్నాను. అది మాత్రం, "దేవుడికి చెప్పుకుంటే నీ బరువు తగ్గుద్ది బిందూ. పెంచలన్న పని తిరిగి రాదు గదా" అంది.

ఇంటికి ఫోను చేశాను. చిక్కేమిటంటే మామ ఫోనులో ఆ యాప్ లేదు. ఆయనతో మాట్లాడాలంటే మా ఇంటి ఫోనే ఆయన దగ్గరికి పోవాలి. అమ్మకి అంతా చెప్పాను. నాయన ఫోను లాక్కుని, చదువుకోను పోయినావు, చదువుకో అన్నాడు. మన గుంటకి ముందే వైరస్ ఉందని చెప్తే ఊళ్లో తలెత్తుకోగలనా అన్నాడు. పెంచలన్న ఎత్తుకోగలుగుతున్నాడా అని అడిగాను. పుట్టి బుద్ధెరిగాక నాయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన ఫోను కట్ చేశాడు. రెండు రోజులు ఆ ఇంటి నుంచి ఫోను లేదు.

మూడో రోజు సాయంత్రం ఫోను మోగింది. తెర మీద విజయభాస్కర్ మామ మొహం. పక్కన అమ్మ కొంగు అంచు కనబడింది. నాయన అల్లూరు పోయిన సమయం చూసి అమ్మే నడుచుకుంటూ ఫోను తీసుకుపోయింది. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను, రొయ్యని పట్టుకోవడం నుంచి తొట్టి దాటడం దాకా. మామ తిట్టలేదు. నా చెయ్యి మంచిదన్న మనిషి, నా మొహం చూడకుండా పక్కకి తిరిగి, పెంచలయ్యని పిలిపిస్తా అన్నాడు. మీ నాయనతో నాకింక మాటల్లేవని కూడా అన్నాడు. అంతటితో నా బాధ్యత తీరిందని, పెంచలన్న పని పెంచలన్నకి వచ్చిందని అనుకున్నాను.

మర్నాడు అమ్మ ఫోను నుంచే పెంచలన్న పిలిచాడు. మా వంటింట్లో మస్తానమ్మతో కలిసి నిలబడ్డాడు. ఫోను ఎలా పట్టుకోవాలో తెలీక సగం మొహమే కనబడుతోంది. తిట్టించుకోవడానికి సిద్ధపడి కూర్చున్నాను. తింటున్నావా పాపా, చలి ఎక్కువంట గదా అని అడిగాడు. తర్వాత ఫోను దగ్గరికి లాక్కున్నాడు.

"అయ్య నువ్వన్న మాట చెప్పినాడు పాపా. పన్లోకి రమ్మన్నాడు. అది నిజమేనా? నా పని పోయిందని జాలిపడి నీ మీద ఏసుకున్నావా?"

నాకు అర్థం కాలేదు. జాలేంటన్నా, నిజమే చెప్పానన్నాను.

"ఇసకపల్లిలో వల లాగి వచ్చినా గదా. చేతులు మూడు సార్లు కడిగినా. అయినా గోళ్ల సందున ఏదన్నా ఉండిపోయుంటాదని... పన్నెండేళ్లు సాకినోణ్ణి, నా చేత్తోనే సంపినానే అని..." ఆయన ఆగిపోతే మస్తానమ్మ వెనక నుంచి అందుకుంది. ఆయనకి ఆ చేతులతో అన్నం తినబుద్ధి కావడం లేదట. ఇన్నాళ్లుగా తనే కలిపి పెడుతున్నదట.

ఎదురు చెప్పకపోవడం మంచితనం అనుకున్నాను. నన్ను కాపాడుతున్నాడేమో అని కూడా అనుకున్నాను, ఎంత పొగరు నాకు. ఆయనకి నా మీద అనుమానమే లేదు. మా గుంట సంగతి మేము దాచాం కదా, ఎక్కడి నుంచి వస్తుంది అనుమానం? తనే చేశాననుకున్నాడు.

దాచిపెట్టడానికి అంత తంటాలు పడినదాన్ని, ఇప్పుడు చేసింది నేనేనని నమ్మమని బతిమాలవలసి వచ్చింది.

"ఇసకపల్లి గుంటలో వైరస్ ఉండిందా అన్నా?"

"లేదు పాపా. మంచి రొయ్యే దిగింది."

"మా గుంటలో ఉండింది. చచ్చిపోతున్నదాన్ని ఈ చేత్తో పట్టుకున్నా. అదే చేత్తో మీ గుంటలో చెక్ ట్రే కదిపినా. నువ్వు కడగమన్నావు, నేను కడగలా. మీకు ముందు పోయింది ఏ గుంట?"

ఆయన పెదాలు కదిలాయి. "మూడోది."

"నేను మేత చల్లింది ఏ గుంటలో?"

ఫోను కిందికి జారి, తెర మీద మా వంటింటి పైకప్పు కనబడింది. తర్వాత ఆయన గొంతు, నాతో కాదు, పక్కకి తిరిగి అంటున్నది వినబడింది.

"మస్తానమ్మా, నేను కాదంట మే. నేను కాదంట."

ఆ వెంటనే ఏడుపు. యాభై దాటిన మగమనిషి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తుంటే మా అమ్మ ఊరుకోబెడుతోంది. మధ్యలో ఆయన నన్ను చల్లగా ఉండమంటున్నాడు, చెప్పి పుణ్యం కట్టుకున్నావంటున్నాడు. ఏడవబాక అన్నా అని చెప్పే మొహం నాకు లేదు. ఫోను చెవికి ఆనించుకుని, ఆయన ఏడుపు అయ్యేదాకా విన్నాను.