గుర్తు ఎందుకు మారుతుంది?

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, నన్ను తమిళనాడులో కర్ణాటక సరిహద్దు దగ్గర, జవళగిరి వైపు ఒక తెలుగు మాధ్యమ ఉన్నత పాఠశాలకు బీటీ అసిస్టెంటుగా వేశారు. అంటే పదో తరగతి దాకా ఒక సబ్జెక్టు చెప్పే టీచరు. నాది లెక్కలు. నోరు కాస్త పెద్దదే.

ప్రతి శుక్రవారం స్లిప్ టెస్టు పెట్టేదాన్ని. దిద్దిచ్చిన కాగితం కింద, తప్పు ఎందుకు జరిగిందో పిల్లలే రాయాలి. తొమ్మిదో తరగతి మొత్తం ఒకే మాట రాసేది: "అజాగ్రత్త." నేర్పింది నేనే. కాగితాలు పంచేటప్పుడు నేను తిట్టే తిట్టు అదే కదా!

నాగవేణి కూడా అదే రాసేది. సమీకరణాల్లో ఆ పిల్లకు అన్నీ సున్నాలే. అర్ధ సంవత్సర పరీక్షకు ముందు వాళ్ళ నాన్న బడికి వచ్చి, "ఈ తూరి కూడా లెక్కల్లో పోతే గులాబీ తోటలో పనికి పెడతా టీచరమ్మా. వాళ్ళమ్మ ఆడనే ఉండాది, తోడుగా ఉంటుంది" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. ఆ పిల్ల తలుపు పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది.

ఆ శుక్రవారం పద్ధతి మార్చాను. వేరే చీటీ మీద, పేరు లేకుండా, ఏ స్టెప్పు దగ్గర తెలియలేదో రాయమన్నాను. "అజాగ్రత్త" అని రాస్తే ఒప్పుకోనన్నాను. ఒక చీటీలో ఇలా ఉంది: "అటుపక్కకు పోతే గుర్తు మారుతుంది అంటారు. మేము దినామూ బార్డరు దాటి కర్ణాటకకు పోయి వస్తాము, మారము. అంకె మాత్రం యాల మారల్ల?"

అది నాగవేణి రాత. మొదట పకపకా నవ్వాను. తర్వాత సిగ్గేసింది. ఎందుకు మారుతుందో నాకు తెలుసు, కానీ ఇన్నేళ్ళలో ఒక్క తరగతికీ చెప్పిన పాపాన పోలేదు.

సోమవారం తక్కెడ పట్టుకెళ్ళాను. ఒక పక్క పల్చటి గుడ్డలో కట్టిన గోలీలు, విడిగా మరో మూడు. ఇంకో పక్క ఏడు. మూటలో ఎన్నున్నాయో విప్పకుండా చెప్పమని నాగవేణిని పిలిచాను. విడిగా ఉన్న మూడూ తీసేసింది. తక్కెడ ఒరిగింది. కాసేపు చూసి రెండో పక్కనుంచీ మూడు తీసింది.

"నాలుగు టీచర్! ఏదీ దాటి పోలేదే! రెండు పక్కలా తీసేసినాము, అంతే!"

పరీక్షలో ముప్పై ఐదుకు పాసైతే, ఆ పిల్లకు ముప్పై ఎనిమిది వచ్చాయి. జనవరిలో బడి తెరిచిన రోజు లక్షణంగా వచ్చి కూర్చుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

చీటీ ఎవరిదని నేను ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే మరుసటి వారం ఎవరూ నిజం రాసేవాళ్ళు కారు. దిద్దిన కాగితం పిల్లలకు ఏం రాదో చూపిస్తుంది. నేను ఏం చెప్పకుండా వదిలేశానో తెలియాలంటే వాళ్ళనే అడగాలి, అడిగాక నోరు మూసుకుని వినాలి.