గాజుల మీద కొసరు

బూర్గంపాడు సర్వరీ బేగం తొడిగితే గాజు చిట్లదని మా వైపు ఆడవాళ్ల నమ్మకం. సీమంతాల్లో గాజు చిట్లితే మనసు చివుక్కుమంటుంది కాబట్టి ఆమెనే పిలిచేవాళ్లు. అలాంటి మనిషికి బస్సు పడదు. గాజులమ్మడానికి చర్ల సంతకు వెళ్లే గుంతల రోడ్డు మీద కడుపులో తిప్పేది. మందుల షాపువాడిచ్చిన చిన్న మాత్రతో హాయిగా ఉండేది. సంత రోజుకని మొదలైన మాత్ర రోజూ అలవాటైంది. అడిగినవాడు లేడు, ఆపినవాడు లేడు.

చర్లలో ఆమె బోణీ ఎప్పుడూ బుల్లెమ్మ చేతికే. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మిరప రైతు ఇల్లాలు బుల్లెమ్మ. కళ్లు తిరుగుతున్నాయని ఆమె అంటే, సర్వరీ గాజుల మీద కొసరుగా తను వేసుకునే మాత్రల అట్టే ఒకటి ఇచ్చింది. అప్పటినుంచి ప్రతి సంతకూ అదే కొసరు. ప్రేమగానే ఇచ్చింది పాపం.

కొన్నేళ్లకు సర్వరీ చేతులు వణకసాగాయి. నడక బిగుసుకుపోయి, పక్కకు తిరగబోతే తూలేది. ఒక సీమంతంలో వరసగా గాజులు చిట్లాయి, అంతటితో పిలుపులు ఆగిపోయాయి. వయసన్నారు, దిష్టన్నారు. కూతురు షబ్నమ్ ఆ మాటలు పట్టించుకోకుండా ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయింది. అక్కడ నాగలత అనే డాక్టరమ్మ, కళ్లు తిరగకుండా వాడే కాల్షియం ఛానల్ బ్లాకర్లనే మందులు నడకనూ చేతి పట్టునూ ఎలా చెడగొడతాయో పరిశోధిస్తోంది. ఏం మాత్రలు వేసుకుంటున్నావని అడిగిన మొదటి మనిషి ఆమే. సర్వరీ మాత్ర కూడా ఆ రకందేనని, అది కణాల్లోకి కాల్షియం వెళ్లే దారిని మూయడంతో ఆగదని, కదలికలను నడిపే డోపమైన్‌కు కూడా అడ్డుపడుతుందని, ఏళ్ల తరబడి వాడిన పెద్దవాళ్లకు ముప్పు ఎక్కువని చెప్పి మాన్పించింది. ఇంకెవరైనా వాడుతున్నారా అని కూడా అడిగింది. సర్వరీకి బుల్లెమ్మ గుర్తుకొచ్చింది.

మర్నాడే చర్ల వెళ్లింది. బుల్లెమ్మ అప్పటికే చేతికర్రతో నడుస్తోంది. వణుకుడు రోగమని దానికి వేరే మందులు రాశారే తప్ప, ఈ మాత్ర సంగతి ఎవరూ అడగలేదు. అదీ మన వైద్యం! ఆమెనూ నాగలతకు చూపించి మాన్పించారు.

నెలలు గడిచాయి. సర్వరీ చెయ్యి కుదురుకుంది, బుల్లెమ్మది కుదురుకోలేదు. కొందరికి వణుకు పూర్తిగా పోదనీ, లోపల అసలు రోగమే దాగి ఉండవచ్చనీ నాగలత నచ్చజెప్పింది. ఆ మాట సర్వరీకి తలకెక్కలేదు.

మొన్నటి సంతలో మళ్లీ బోణీకి బుల్లెమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ మణికట్టు అదిరి గాజు చిట్లింది.

"నా చెయ్యే గిట్ల ఉండిపోయినా బాగుండు, బుల్లెమ్మక్కా," అంది సర్వరీ.

"ఊరుకోవే. నువ్వు కావాలని చేశావా?"

ఇంకో గాజు నిదానంగా ఎక్కింది. డజను పూర్తయ్యాక బుల్లెమ్మ నవ్వి, పాత అలవాటు కొద్దీ అరచెయ్యి చాచింది.

"కొసరేదే?"

ఆమె సరదాకే అడిగింది. సర్వరీ మాత్రం వణుకుతున్న ఆ అరచేతిని తన రెండు చేతులతో మూసి పట్టుకుని, బేరానికి వచ్చినవాళ్లు చూస్తుండగానే వెక్కివెక్కి ఏడ్చింది.