బావ గోదాములో సినిమా

ఎంత తక్కువ మంది చూస్తే అంత గొప్ప సినిమా. ఇదీ మా బావ సిద్ధాంతం. గద్వాలలో ఆయనకు విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. దాని వెనక గోదాములో ఆదివారం మధ్యాహ్నం కిటికీలకు గోనెపట్టాలు కట్టి, గోడ మీద సినిమా వేస్తాడు. చూసేది ఇద్దరు లెక్చరర్లు, ఒక వకీలు, వనపర్తి నుంచి బస్సెక్కి వచ్చే నేను. నేను వెళ్లేది అక్కను చూడటానికి. బావ వదలడు.

ఆయన వేసే సినిమాలన్నిట్లోనూ ఒకే రకం కుర్రాడు. జుట్టు దువ్వడు, బడికి పోడు, తండ్రితో మాట్లాడడు, ఊరికే అద్దాలు పగలగొడతాడు. ఆ తలా తోకా లేని కథకు మనవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. మందుల వాసనకు నాకూ నీళ్లొస్తాయి గానీ, నన్నూ రసికుడనుకుంటారని భయం. అదే కుర్రాడు దుకాణం ముందు బీడీ కాలుస్తూ నిలబడితే వీళ్లే తరిమికొడతారు. వీళ్లకు కావలసింది వాడి బాధ కాదు, పక్కవాడికి తెలియని సినిమా తమకు తెలుసన్న గర్వం.

అక్కడొక నియమం. సినిమా మొదలయ్యాక మాట్లాడకూడదు, లేవకూడదు, ఆపకూడదు. గుళ్లో కూడా ఇంత మడి లేదు.

పోయిన వానాకాలం ఒక ఆదివారం, "పిల్లల బాధ పెద్దోళ్లు ఇంటలేరు, గదే ఈ సినిమ" అని ఉపన్యాసమిచ్చి మరీ మొదలుపెట్టాడు బావ. సగంలో తలుపు తెరుచుకుంది. హైదరాబాదు హాస్టల్లో ఇంటర్ చదువుతున్న ఆయన కూతురు సంచితో నిలబడి ఉంది. ఎవరికీ చెప్పకుండా ఒక్కతే బస్సెక్కి వచ్చేసింది. మొహం పీక్కుపోయింది.

"నాన్నా, నేనిగ ఆడికి పోను. నిద్ర వస్తలేదు. పానం మంచిగ లేదు."

"జర ఆగు, అయిపోనీ," అన్నాడు బావ గోడ మీంచి కళ్లు తిప్పకుండా.

నాకు ఒళ్లు మండింది. లేచి లైటు వేశాను.

"ఏంది బామ్మర్ది గిది, మంచి సీనుల!" అని కసిరి, కూతురితో, "రేపు పొద్దుగాల్ల నేనే తోల్కపోయి దిగవెడ్త. ఇంట్లకు నడువు," అన్నాడు. లైటు ఆర్పేశాడు.

ఆమె కదలలేదు. గోడ మీద కుర్రాడు రైలు పట్టాల వెంట నడుస్తున్నాడు.

"మామా, గా పిల్లగాడు ఏడికి పోతుండు?" అని నన్నడిగింది.

నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. "ఏడికైనా పోతడు గని, ఇంటికి మాత్రం పోడు. గదే గొప్పతనం."

"తెలివైనోడు," అంది. సంచి మళ్లీ భుజానికెత్తుకుని బయటికి నడిచింది.

వెంటే వెళ్లి ఆ సంచి అందుకున్నాను. అక్కకు చెప్పి ఇద్దరం వనపర్తి బస్సెక్కాం. ఆ సంగతి బావకు సినిమా అయిపోయాకే తెలిసిందట.