మూతపడని కన్ను

పొద్దున లేచేసరికి నా ముఖం ఎడమపక్క చచ్చుబడింది. నోరు వంకరపోయింది, ఆ వైపు కన్ను మూతపడటం లేదు. పక్షవాతమేమోనన్న భయంతో బోధన్‌లో నిజామాబాద్ బస్సెక్కాను.

చెరకు లారీ రేపిన దుమ్ము కిటికీలోంచి కొట్టగానే, పక్క సీటులో ఉన్న పెద్దావిడ తన కొంగుతో నా కన్ను కప్పింది.

"భయపడకు బిడ్డా. మా ఆయన ఫౌజుల ఉన్నప్పుడు కొండలల్ల నాకు గిట్లనే అయింది. పిడుదు కరిస్తే వచ్చే లైమ్ జబ్బన్నరు. నిన్నేమన్న కరిచిందా?"

పోయిన నెల హిమాచల్ వెళ్ళినప్పుడు మోకాలి వెనక అంటుకున్న పిడుదును పీకేశాను. తర్వాత అక్కడ గుండ్రంగా ఎర్రటి మచ్చ లేస్తే తామర అనుకున్నాను. తలూపాను.

"గా సంగతి డాక్టరుకు మొదలే చెప్పు. నేను చెప్పక శానా గోసవడ్డ." నవ్వితే ఆమె నోరు ఇంకా కొంచెం పక్కకు పోతోంది.

డాక్టరుకు చెప్పాను. పరీక్షల్లో అదే తేలింది. మందులతో నెమ్మదిగా ముఖం చక్కబడింది.

ఆ రోజు బస్టాండులో దిగుతూ ఆమె పేరు అడగబోయాను. పెదవులు కలవక మాట గాలిలో కలిసిపోయింది. నేనేం అడిగాననుకుందో, నా చెంప నిమిరి, "తగ్గుతది బిడ్డా, తగ్గుతది" అని వెళ్ళిపోయింది.