చెయ్యని నీళ్ల పరీక్ష

అడవి రోడ్డు మీద నిలబడి, ఒక అబద్ధం చెప్పాను. తడబడకుండా చెప్పాను. దాని బరువు ఇన్నేళ్లూ మోస్తూ వచ్చాను. మోయగా మోయగా అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. రేపు పొద్దున బయల్దేరే ముందు మీకు చెప్పేయాలి.

నేను డిస్టిలరీ ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ని. ఆల్కహాల్లో నీళ్లెంత ఉన్నాయో తేల్చడం నా పని. గాజుజాడీలో హైడ్రోమీటర్ వదిలి, అది ఏ గీత దాకా మునిగిందో చూసి చెప్పేవాణ్ని. నేను చెప్పిన లెక్కను మళ్లీ చూసినవాళ్లు లేరు. ఉద్యోగం పోయింది గానీ ఆ గర్వం పోలేదు.

మధిరలో పత్తి వ్యాపారం చేసే ప్రసాదు మా అక్క కొడుకు. కార్ల పిచ్చి. తన కారుకు పెద్ద టర్బో వేయించాడు. ఇంజన్లోకి గాలిని బలవంతంగా నెట్టే చక్రం అది. ఆ ఒత్తిడికి పెట్రోలు తాళలేదు. సమయం రాకముందే అంటుకుని పిస్టన్‌ను సుత్తితో మోదినట్టు మోదుతుంది. ఇథనాల్, అంటే నాకు తెలిసిన ఆల్కహాలే, ఓర్చుకుంటుంది. అందుకని ఎక్కువ పాలు ఇథనాల్, కొద్దిగా పెట్రోలు కలిపి పోయాలి. ఆ కలిపే పని నాకు అప్పగించాడు. సంబరంగా ఒప్పుకున్నాను.

ఇంజన్‌ను ఆ ఇంధనానికి కుదిర్చింది సరిత. ఏన్కూరు దగ్గరి తండా నుంచి వచ్చి, డిప్లొమా చదివి, ఖమ్మంలో కిరాయి షెడ్డు పెట్టుకుంది. ల్యాప్‌టాప్ తగిలించి మంట ఎప్పుడు అంటుకోవాలో, ఇంధనం ఎంత పడాలో సరిచేసేది. నోరు కాస్త పెద్దది. నా హైడ్రోమీటర్ చూడగానే నవ్వింది. "సారూ, గిది సారాకు పనికొస్తది. నా బండికి కాదు."

నిజమే చెప్పింది. ఇథనాల్ కంటే పెట్రోలు తేలిక, నీళ్లు బరువు. రెండూ ఎక్కువైతే ఒకదాన్నొకటి కప్పిపుచ్చుతాయి. గీత మాత్రం సరిగ్గానే కనిపిస్తుంది. అందుకని గీతలున్న గాజుగొట్టంలో ఇంధనం పోసి, నీళ్లు కలిపి ఊపాలి. ఇథనాల్ నీళ్లతో కలిసి కిందికి దిగుతుంది, పెట్రోలు పైన తేలుతుంది. దాన్ని మేం నీళ్ల పరీక్ష అనేవాళ్లం. ప్రతిసారీ చెయ్యమని గట్టిగా చెప్పింది. తలూపాను. లోపల మాత్రం ఎక్కడో గుచ్చుకుంది.

బండిని రోడ్డు మీద నడిపి చూసే రోజు ప్రసాదు స్నేహితులు రెండు కార్లలో మా ఇంటికి వచ్చారు. ఈ బండి బాగా నడిస్తే తమవీ సరితకే ఇస్తామన్నారు. ఆమె అప్పటికే షెడ్డు పెద్దది చేసుకోవాలనుకుంటోంది. బయట హారన్లు మోగుతున్నాయి. చూరు కింద పెట్టిన ఇథనాల్ క్యాను మూత వదులై వాననీళ్లు దిగినట్టున్నాయి, నేను గమనించలేదు. పైగా ఇథనాల్ చాల్లేదు. పెట్రోలు పోసి సరిపెట్టాను. కొంచెం అటూ ఇటూ అయితే హైడ్రోమీటరే చెబుతుంది కదా అనుకున్నాను. వదిలి చూశాను. ఉండాల్సిన గీత దగ్గరే నిలబడింది. గాజుగొట్టం అలమరలోనే ఉంది. తీయలేదు. తొందరా? గుచ్చుకున్న మాటా? ఇన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా తేలలేదు, రెండోదే అయి ఉంటుందని మాత్రం భయం.

జూలూరుపాడు దాటాక అడవి. ఖాళీ రోడ్డు. ప్రసాదు నడుపుతున్నాడు, పక్కన ల్యాప్‌టాప్‌తో సరిత. నేను వెనక కారులో ఉన్నాను. ముందు కారు ఒక్కసారి దూకింది. వెంటనే డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు. తర్వాత పొగ. ఆగిపోయింది.

సరిత బానెట్ ఎత్తి చూసి, తిన్నగా నా దగ్గరకొచ్చింది.

"సారూ, నీళ్ల పరీక్ష చేసినవా?"

"చేశానమ్మా."

"నిజంగ?"

"సర్వీసంతా నేను చేసింది అదే పని."

ఆమె చేతుల మసి తుడుచుకుంది. "అయితే తప్పు నాదే సారూ," అంది.

వెనకనుంచి ఒకడు నవ్వాడు. "ఏంది ప్రసాదన్నా, ఆడపిల్ల చేతిల పెడితే గిట్లనే ఉంటది మరి!" ప్రసాదు "ఊరుకోండ్రా" అన్నాడు గానీ అంతకు మించి అనలేదు. నేను అదీ అనలేదు.

ఇంటికొచ్చి, క్యానులో మిగిలినదానికి పరీక్ష చేశాను. పెట్రోలు ఉండాల్సినదాని కంటే మందంగా పైన తేలింది. తెలిసిపోయింది. ఆ మిగిలింది పెరట్లో పారబోశాను. గొట్టం కడిగి అలమరలో పెట్టాను. రోజూ డైరీ రాస్తాను, ఆ పూట రాసింది ఒక్క ముక్క: ఇంజన్ పాడైంది. ఎవరివల్లో రాయలేదు.

ప్రసాదుకు చెబితే ఏం చేసేవాడు? విసుక్కునేవాడు, రెండు రోజుల్లో మర్చిపోయేవాడు. నేను భయపడింది వాడికి కాదు. ఈయన లెక్క మళ్లీ చూసుకోవాలి అనిపించుకోవడానికి భయపడ్డాను. ఆ ఒక్కదాని కోసం ఒక పిల్లకున్న మంచి పేరు పోగొట్టాను.

ఆ కార్లు ఆమెకు రాలేదు. తర్వాత వేరేవీ రాలేదు. షెడ్డు మూసేసింది. ఇప్పుడు కొత్తగూడెంలో స్పేర్ పార్టుల దుకాణం కౌంటరులో ఉంటోంది. ఒకసారి చెప్పేద్దామని వెళ్లాను. "బాగున్నవా సారూ? మోకాళ్లు ఎట్లున్నయి?" అంది. ఫ్యాను బెల్టు ఒకటి కొనుక్కుని వచ్చేశాను. నాకు కారు లేదు.

ఇవాళ మధ్యాహ్నం భోజనం దగ్గర ఎవరో ప్రసాదుకు ఫోన్ చేశారు, సరిత మళ్లీ బండ్లు చేస్తానంటోందట, చేయించుకోవచ్చా అని. వాడు "వద్దు, మా ఇంజన్ ఆమె చేతిలోనే పోయింది" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. పప్పు కలుపుకుంటున్నాను. ముద్ద నోట్లో పెట్టుకున్నాను కూడా. అబద్ధం పాతబడిపోలేదు. ఈ పూట మళ్లీ చెప్పాను, నోరు తెరవకుండా.

చెయ్యి కడుక్కుని వచ్చి అన్నాను: ఆ రోజు ఎవరెవరు వచ్చారో అందర్నీ రేపు కొత్తగూడెం, ఆ దుకాణానికి తీసుకురా. ఎందుకు మామయ్యా అన్నాడు. అక్కడే చెబుతానన్నాను.

క్షమించమని అడగను. అడిగితే మళ్లీ ఆమె చేతే ఏదో ఇప్పించుకున్నట్టు అవుతుంది. పోయిన ఏళ్లు తిరిగి రావు, కస్టమర్లు వస్తారో రారో తెలియదు. తిట్టినా నిలబడతాను. పలకకపోయినా నిలబడతాను. అప్పుడు నవ్వినవాళ్ల ముందు, ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు మార్చి చెప్పి వస్తాను.

ఇందాకటి నుంచి ఒక్కణ్నే కూర్చుని ఆ జవాబే పైకి అనుకుంటున్నాను. అనుకున్నంత కష్టంగా లేదు. నోరు తిరుగుతోంది.

చెయ్యలేదమ్మా. ఆ రోజు నీళ్ల పరీక్ష చెయ్యలేదు.